పులుపు దారిన బోర్బన్ దగ్గరికి

బోర్బన్‌ను మొదటిసారి నీళ్లు కలపకుండా గుక్క వేసినవాళ్లలో చాలామందికి గుర్తుండేది మంట ఒక్కటే. గొంతు దాటేదాకా మరేమీ తెలియదు, దాటాక ముక్కులో ఘాటు మిగులుతుంది. ఆ సీసాలో వెనిల్లా ఉందని, మాడీ మాడని పంచదార వాసన ఉందని, కొబ్బరి, దాల్చినచెక్క ఛాయలున్నాయని ఎవరైనా చెబితే నమ్మబుద్ధి కాదు. కానీ అవన్నీ నిజంగానే ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి నాలుకకు కాస్త సాయం కావాలి, అంతే. ఆ సాయం నిమ్మరసం, పంచదార, ఐసు చేస్తాయి. ఈ మూడూ బోర్బన్‌తో కలిస్తే విస్కీ సవర్ అవుతుంది. బోర్బన్ రుచి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం. అదీ బార్‌లో కాదు, ఇంట్లో, సొంత చేతులతో కలుపుకుంటేనే.

ముందు బోర్బన్ అంటే ఏమిటో చూడాలి. అమెరికా చట్టం దీనికి గట్టి కట్టుబాట్లే పెట్టింది. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మిగతాది సాధారణంగా రై, మొలకెత్తించిన బార్లీ. కొందరు రై బదులు గోధుమ వాడతారు. బట్టీలోంచి దిగేటప్పుడు ఆల్కహాల్ 80 శాతం మించకూడదు, పీపాలోకి వెళ్లేటప్పుడు 62.5 శాతం మించకూడదు. ఆ పీపా కొత్త ఓక్ కర్రతో చేసినదై, లోపలి గోడ బొగ్గయ్యేలా కాల్చినదై ఉండాలి. సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. పైనుంచి రంగు గానీ రుచి గానీ కలపడానికి వీల్లేదు. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా తీర్మానించింది. కెంటకీలో తప్ప ఎక్కడా చేయకూడదని చాలామంది అనుకుంటారు గానీ అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా చేయవచ్చు. అయితే ఎక్కువ భాగం తయారయ్యేది మాత్రం కెంటకీలోనే. అక్కడి నీళ్లు సున్నపురాతి పొరల గుండా వడగట్టుకుని వస్తాయి. వాటిలో కాల్షియం ఎక్కువ, విస్కీ రంగును, రుచిని పాడుచేసే ఇనుము తక్కువ.

కాల్చిన పీపాలోనే అసలు పని జరుగుతుంది. వేడికి ఓక్ కర్రలోని పీచు పదార్థం విరిగి చక్కెరలవుతుంది, ఆ చక్కెరలు మాడి కారమెల్ వాసన పట్టుకుంటాయి. కర్రకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ నుంచి వెనిలిన్ వస్తుంది. వెనిల్లా కాయకు ఆ వాసననిచ్చే పదార్థమూ అదే. ఓక్‌లోనే ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసన తెస్తాయి. కెంటకీ ఎండాకాలంలో విస్కీ వ్యాకోచించి కర్రలోకి ఇంకుతుంది, చలికాలంలో సంకోచించి బయటికి వస్తుంది. ఏళ్ల తరబడి ఈ రాకపోకలు సాగితేనే బట్టీ నుంచి నీళ్లలా దిగిన సారా తేనెరంగుకు మారుతుంది. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు. అందుకే ఆ పీపాలు ఓడలెక్కి స్కాట్లాండ్ చేరి, అక్కడి స్కాచ్‌ను తమ కడుపులో పెట్టుకుంటాయి.

ఇక్కడ మన పాఠకులకు ఒక మాట చెప్పాలి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే చౌకరకాల్లో చాలావాటికి ఆధారం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. సోడాతో, మంచినీళ్లతో పెగ్గు తాగే అలవాటున్న నాలుక బోర్బన్‌ను కూడా అదే జాతి అనుకుని దగ్గరికి వెళ్తుంది. పీపా తీపి, మొక్కజొన్న మెత్తదనం దానికి కొత్త. ఆ కొత్తదనాన్ని మంట కప్పేస్తుంది. శరీరశాస్త్రం ప్రకారం ఆ మంట మనకు బాగా తెలిసినదే. మిరపకాయ కారాన్ని పసిగట్టే నాడీ గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. చల్లబరిచి, నీళ్లు కలిపితే ఆ రెచ్చగొట్టడం తగ్గుతుంది. మరి ఐసు వేసుకుంటే చాలదా అంటే, చాలదు. నీళ్లతో మంట తగ్గుతుంది గానీ రుచి కూడా పలచబడుతుంది. పులుపూ తీపీ చేరితే ఆ పలచదనం రాదు. పచ్చిపులుసు చేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: చింతపండు రసంలో కాస్త బెల్లం పడితే పులుపు ఎక్కడికీ పోదు, దాని పదును తగ్గి ఉల్లిపాయ, జీలకర్ర రుచులు పైకి తేలతాయి. సవర్‌లో అలా పైకి తేలేది పీపా రుచి.

పులుపు, తీపి, నీళ్లు, సారా అనే ఈ కలయిక అమెరికాలో పుట్టింది కాదు. 17వ శతాబ్దంలో మన తీరాల్లో వర్తకం చేసిన ఇంగ్లిష్ కంపెనీ మనుషులు ఇక్కడ దొరికే సారాలో నిమ్మరసం, పంచదార, నీళ్లు, మసాలా దినుసులు కలుపుకుని తాగేవారు. దానికి పంచ్ అని పేరు. ఆ పేరు కనిపించే తొలి కాగితాల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. అది రాసింది ఈస్టిండియా కంపెనీ మనిషి, అందుకున్నది పెటపోలిలో ఉన్న వర్తకుడు. పెటపోలి అంటే ఇవాళ్టి బాపట్ల జిల్లా నిజాంపట్నం. విస్కీ సవర్ వంశవృక్షంలో మన కోస్తా రేవుకు కూడా చోటుందన్న సంగతి నాకెంతో ఇష్టం. ఓడల మీద ఇంగ్లండ్ చేరి, అక్కడి నుంచి అమెరికా వలసలకు పాకిన పంచ్‌ను పెద్ద గిన్నెలో కలిపి పదిమంది పంచుకునేవారు. 19వ శతాబ్దానికి నగరాల్లో గిన్నె చుట్టూ కూర్చునే తీరిక తగ్గింది. ఒక్కరికి ఒక్క గ్లాసులో సరిపడేలా పంచ్‌ను కుదించారు. అదే సవర్. న్యూయార్క్‌లో 1862లో బార్‌టెండర్ జెర్రీ థామస్ అచ్చువేసిన పుస్తకంలో సవర్లకు వరస ఉంది. 1870 నాటికి విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషా పట్టణపు పత్రికలో విస్కీ సవర్ పేరు కనిపిస్తుంది.

ఇక తయారీకి వద్దాం. బోర్బన్ 60 మి.లీ., అంటే మన లార్జ్ పెగ్గు. నిమ్మరసం 22 మి.లీ., పంచదార సిరప్ 22 మి.లీ. టేబుల్ స్పూన్‌తో కొలిస్తే ఒక్కొక్కటీ ఒకటిన్నర స్పూన్లు. సిరప్ అంటే పాకం పట్టక్కర్లేదు. పంచదార, వేడినీళ్లు సమానంగా తీసుకుని కరిగేదాకా కలిపి చల్లార్చితే చాలు. షేకర్ లేకపోతే గట్టి మూత ఉన్న గాజు సీసా సరిపోతుంది. నిండా ఐసు వేసి, మూత బిగించి, చేతికి చల్లదనం గట్టిగా తగిలేదాకా పన్నెండు, పదిహేను సెకన్లు బలంగా ఊపాలి. అప్పటికి పానీయం సున్నా డిగ్రీల కిందికి దిగుతుంది, కరిగిన ఐసు నీళ్లు కనీసం మూడో వంతు చేరతాయి. ఆ నీళ్లు కూడా దినుసే. అందుకే ఊపడంలో బద్ధకిస్తే సవర్ చెడుతుంది. వడగట్టి, కొత్త ఐసు ఉన్న గ్లాసులో పోయాలి.

గుడ్డులోని తెల్లసొన వేయాలా వద్దా అన్నది పాత వాదం. వేస్తే ముందు ఐసు లేకుండా ఒకసారి ఊపి, తరవాత ఐసుతో ఊపాలి. పైన తెల్లటి నురగ కడుతుంది. అందం ఒక్కటే కాదు, ఓక్ కర్ర నుంచి వచ్చిన వగరును సొనలోని ప్రొటీన్లు పట్టుకుని మెత్తబరుస్తాయి. పచ్చిగుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ఉన్న ఇంట్లో దాని జోలికి పోవద్దు. గర్భిణులకు మద్యమే కూడదన్నది వేరే చెప్పాల్సిన పని లేదు. నామటుకు నాకు తొలి పాఠానికి సొన లేని సవరే మేలు. నురగ నాలుకకు పరదా కడుతుంది.

నిమ్మకాయ సంగతి ఇంకాస్త విడమర్చాలి, ఎందుకంటే మన ఇళ్లలో తేడా వచ్చేది ఇక్కడే. అమెరికన్ పుస్తకాలు రాసే నిమ్మ పసుపుపచ్చగా మిసమిసలాడే పెద్ద లెమన్. గూడూరు మార్కెట్ నుంచి దేశమంతా వెళ్లే మన నిమ్మకాయ చిన్నది, పలచటి తొక్కది, లైమ్ జాతికి చెందినది. పులుపు పదునెక్కువ, వాసన కూడా వేరు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కలుపుకునేవాళ్లు 22 మి.లీ.తో కాక 15తో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోవాలి. బత్తాయి, కమలాలలో తీపి ఉంది గానీ సవర్‌ను నిలబెట్టే పులుపు లేదు. రసం అప్పటికప్పుడు పిండాలి, మరీ నలిపి పిండితే తొక్కలోని చేదు దిగుతుంది. సీసాల్లో అమ్మే నిల్వ రసం మాత్రం వద్దు. మంచి బోర్బన్‌ను అంత త్వరగా పాడుచేసేది మరొకటి లేదు.

ఏ బోర్బన్ కొనాలి? ఖరీదైనది వద్దు. బలం చూసి కొనండి. 40 శాతానిది నిమ్మరసంలో మునిగిపోతుంది, 45 నుంచి 50 శాతం మధ్యది నిలబడుతుంది. సీసా మీద బాటిల్డ్ ఇన్ బాండ్ అని ఉంటే ఇంకా మంచిది. 1897 నాటి చట్టం ప్రకారం అది ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తయారై, కనీసం నాలుగేళ్లు పీపాలో ఉండి, సరిగ్గా 50 శాతం బలంతో సీసాకెక్కినది. కల్తీ విస్కీల కాలంలో కొనేవాడికి ప్రభుత్వం ఇచ్చిన హామీ అది. మన దేశంలో దిగుమతి సుంకం వల్ల బోర్బన్ ధర ఎప్పుడూ ఎక్కువే. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆ సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది.

అసలు చదువు రెండో సీసాతో మొదలవుతుంది. మేకర్స్ మార్క్‌లో రై ఉండదు, దాని చోట గోధుమ ఉంటుంది. బలం 45 శాతం. వైల్డ్ టర్కీ 101లో రై ఉంటుంది, బలం 50.5 శాతం. ఒకే నిమ్మకాయ రసంతో, ఒకే సిరప్‌తో చెరో చిన్న సవర్ కలిపి పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో తీపి ముందుకొచ్చి, గుండ్రంగా ముగుస్తుంది. రెండోదాంట్లో మిరియం లాంటి ఘాటు చివరిదాకా వెంటవస్తుంది. విడిగా తాగితే మంటలో కలిసిపోయే ఈ తేడా పులుపు పక్కన ఇట్టే తెలుస్తుంది. గోధుమ అంటే ఏమిటో, రై అంటే ఏమిటో అప్పటి నుంచి మరిచిపోరు.

తరవాత పంచదార తీసేసి తేనె పెట్టి చూడండి. మూడు పాళ్ల తేనెకు ఒక పాలు వేడినీళ్లు కలిపి పలచన చేయాలి, లేకపోతే ఐసు తగలగానే తేనె గడ్డకట్టి అడుగున అంటుకుంటుంది. తేనె, నిమ్మ, బోర్బన్ కలిపిన ఈ పానీయాన్ని గోల్డ్ రష్ అంటారు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో న్యూయార్క్‌లోని మిల్క్ అండ్ హనీ అనే చిన్న బార్‌లో ఇది పుట్టింది. పంచదార కన్నా తేనెకు బోర్బన్‌తో చుట్టరికం ఎక్కువ. ఒక్క సవరే కలుపుకుంటానంటే నా ఓటు దీనికే.

అక్కడి నుంచి మెల్లగా పులుపు తగ్గించుకుంటూ రావాలి. నిమ్మరసం, సిరప్ చెరో 15 మి.లీ.కి దించండి. కొన్ని వారాలకు అదీ వదిలేసి ఓల్డ్ ఫ్యాషన్డ్‌కు వెళ్లండి: 60 మి.లీ. బోర్బన్, ఒక టీస్పూన్ సిరప్, రెండు మూడు చుక్కల బిటర్స్ (చేదు మూలికల సారం), పెద్ద ఐసు ముక్క, పైన కమలా తొక్క విరిచి చల్లిన నూనె. ఇందులో పులుపు లేదు, నిమ్మజాతి వాసన మాత్రం తోడుంటుంది. చివరికి గ్లాసులో బోర్బన్, ఒక స్పూన్ నీళ్లు. ఇప్పుడు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే, సవర్‌లో పరిచయమైన వెనిల్లా, కారమెల్, మిరియం ఒక్కొక్కటిగా పలకరిస్తాయి. అవి ఎక్కడ ఉంటాయో నాలుకకు ఇప్పుడు తెలుసు. అందరూ ఈ చివరి మెట్టు దాకా రావాలని లేదు. సవర్ దగ్గరే ఆగిపోయినవాళ్లు బోర్బన్‌ను తక్కువగా ఆస్వాదిస్తున్నారని నేననుకోను.

లెక్క ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. పులుపు, తీపి మంటను దాచినంత మాత్రాన మద్యం తగ్గదు. 45 శాతం బోర్బన్ 60 మి.లీ.లో 27 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది. అమెరికాలో ఒక డ్రింక్ అని లెక్కకట్టేది సుమారు 18 మి.లీ. ఆల్కహాల్‌ను. అంటే ఒక్క సవర్ ఒకటిన్నర డ్రింకులు. సాయంత్రానికి ఒక్కటి చాలు, అదీ భోజనం తోడుగా. కారు తాళాలు ఇంకొకరి చేతిలో ఉంచండి.