ఏడడుగుల యర్థము

మా పెనుగొండ పెండ్లిండ్లలో విందునకుఁ గొదువ లేదు, మంత్రార్థమునకే కఱవు. జీలకఱ్ఱబెల్లము తలపై నుంచగనే బంధువు లక్షతలు చల్లి భోజనశాలకుఁ దరలుదురు. పిదప జరుగు సప్తపదిని గమనించువారు మిక్కిలి యరుదు. అర్థ మెఱుఁగక పాఠము వల్లించు బాలుని బడిలో మందలింతుము. పెండ్లిపందిటిలోని పెద్దల నెవరు మందలింతురు?

వివాహమునకుఁ బ్రాణ మా యేడడుగులే. అన్నము, బలము, వ్రతము, సుఖము మున్నగువానిఁ గోరుచు నడిచి, తుద కేడవ యడుగున వరుఁడు వధువును సఖ్యమునకుఁ బిలుచును. సప్తపది యాచారముగాఁ గలచోట నేడవ యడుగుతోనే వివాహము పూర్తియగునని 1955 నాటి హిందూ వివాహ చట్టమును జెప్పుచున్నది. కన్యాదానమున నీయఁబడిన వస్తువువలె నుండిన కన్య యిచ్చట మిత్రమగుచున్నది. మిత్రమునకు వెల కట్టువారుందురా? వరకట్నము 1961లోనే నేరమయ్యెను. అయినను గానుకల పేర బేరము సాగుచునే యున్నది.

ఈ యూర వెలసిన వాసవీకన్యక, రాజు గోరిన పెండ్లిని నిరాకరించి యగ్నిప్రవేశము చేసెనని గాథ. కాదనిన కన్యకు మ్రొక్కు మనము, మన బిడ్డను 'నీ కిష్టమా' యని యడుగకుండుట యెట్టి భక్తి? పాఠకులారా, ముహూర్తమునకు ముందే యా ప్రశ్న నడుగుఁడు. పురోహితునిచే నేడడుగుల యర్థమును తెలుఁగునఁ జెప్పింపుఁడు.