మామోయాదా గంటలు

సార్డీనియా దీవి నడుమ, బార్బాజియా కొండల మధ్య గొర్రెలు కాచుకు బతికే మామోయాదా! నీ కార్నివాల్‌కు జేజేలు. ఉపవాసాల తపస్సు కాలం ముంచుకొస్తోందని మధ్యధరా తీరపు పట్నాలు రంగు కాగితాలు జల్లుకుని కేరింతలు కొడతాయి. నువ్వు నలుపు తొడుక్కుని బరువెత్తుకుంటావు.

జనవరి 16 సాయంత్రం, పునీత అంతోనివారి పండుగ ముందురోజు, నీ వీధి వీధినా మంటలు లేస్తాయి. లోకం చలికి వణుకుతుంటే నరకానికి వెళ్లి, చేతికర్రలో నిప్పు దాచి తెచ్చాడని నీ దీవి కథలు చెప్పే పుణ్యాత్ముడాయన. గొడ్డూ గోదాకూ ఆయనే కాపు. మర్నాడు ఆ మంటల చుట్టూ, ఏడాదిలో మొదటిసారిగా, నీ ముసుగు వేషగాళ్లు, మామూథోనెస్ కదులుతారు.

ఎంత గంభీరమైన వేషం వారిది! ముఖాన నల్లని కొయ్య ముసుగు, దాని మీద ఏనాటిదో తెలియని దుఃఖం. తలకు ఆడవాళ్ల రుమాలు. ఒంటికి నల్ల గొర్రెతోళ్లు. వీపున తోలుపట్టీలతో బిగించిన పశువుల గంటలు, దాదాపు 30 కిలోలు. ఒంటరిగా కట్టుకోలేని వేషమది. మరొకరు లాగి బిగించాలి. ఊపిరి సలపనంత బిగిస్తేనే గంటలన్నీ ఒక్క గొంతుతో పలుకుతాయి.

సంప్రదాయం ప్రకారం 12 మంది, రెండు వరుసలు. నోట మాట లేదు. ఒక అడుగు, ఒక భుజం విదిలింపు, ఒక్కుమ్మడిగా మోత. మళ్లీ అడుగు. రాళ్లు పరిచిన వీధి అదురుతుంది, చూసేవాళ్ల గుండె అదురుతుంది.

వారి పక్కన ఎర్రచొక్కా, తెల్లలాగు తొడిగిన 8 మంది ఇసొహదోరెస్. తేలికైన అడుగు, గురి తప్పని చెయ్యి. తాడు గాలిలో తిప్పి జనంలోకి విసురుతారు. ఉచ్చులో పడ్డవాళ్లది అదృష్టం! ఒకప్పుడు చిక్కిన ఆసామి ద్రాక్షసారా పోయించి విడిపించుకునేవాడు.

ఇది గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయొనీసస్ పూజకు మిగులు అంటారొకరు. దండెత్తి వచ్చి ఓడిన మూర్ బందీల ఊరేగింపు అంటారొకరు. తేల్చినవారు లేరు. నాకు కనబడేది కాపరి. ఏడాది పొడవునా పశువు మెడలో మోగిన గంటను ఈ నాలుగు రోజులు తన వీపున కట్టుకుంటాడు. దాని తోలు తొడుక్కుంటాడు, దానిలాగే నోరులేనివాడవుతాడు. దాని పాలు తాగిన రుణం ఇంతకన్నా బాగా ఎవరు ఒప్పుకున్నారు?

కార్నివాల్ చివరి మంగళవారం నీ ముఖానా నవ్వు పూస్తుంది. యువాన్నె మార్తిస్ సేరో అనే బొమ్మను బండెక్కించి, పోయాడు పోయాడంటూ దొంగేడుపులు ఏడుస్తారు. చచ్చింది కార్నివాల్. పంది మాంసంతో ఉడికిన చిక్కుడు గింజలు, కన్నొనావు ద్రాక్షసారా వచ్చినవాళ్లందరికీ. తెల్లారితే విభూది బుధవారం; నుదుట బూడిద, ముందు ఈస్టర్ దాకా ఉపవాసాల దారి.

మామోయాదా, లోకం నిన్ను చూడటానికి వస్తోంది, రానీ. ముసుగులకు మ్యూజియం కట్టావు; మంచిదే. ఒక్కటే మనవి: చూడవచ్చినవాళ్ల ముచ్చట కోసం ఆ గంటల బరువు తగ్గించకు, పట్టీలు వదులు చేయకు.