బాతుల కాపరి లెక్క
వరికోతలయ్యాక ఏలూరు దిగువన, కొల్లేటి అంచు చేలలో బాతుల మందలు దిగుతాయి. పచ్చికబయళ్లలో పశువుల్ని తోలడమే కాపరితనం అనుకునేవారికి ఇది పనిలేనివాడి తిరుగుడులా కనిపిస్తుంది. నిజానికి ఇది చాలా లెక్క తెలిసిన మేపు. ఏ చేను ఎప్పుడు కోస్తారో, ఎక్కడ నీరు ఇంకా నిలిచి ఉందో, ఏ మడిలో నత్తలు దొరుకుతాయో కాపరి ముందే పసిగట్టాలి. బాతు ఎక్కువగా తెల్లవారుజామునే గుడ్డు పెడుతుంది. అందుకే రాత్రి వల చుట్టి మందను ఆపి, పొద్దున్నే గుడ్లు ఏరుకున్నాకే వదులుతాడు. తొందరపడి వదిలాడా, ఆ పూట గుడ్లు బురదపాలే!

మంద చేలు తొక్కేస్తుందంటారు. నాట్లు పడ్డ మడిలో అయితే నిజమే; కోసిన చేలో మాత్రం రాలిన గింజ, పురుగు ఏరుకుతిని రెట్ట వేసి పోతుంది. మంద జబ్బు మోసుకొస్తుందన్న మాటను మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. పైకి లక్షణాలేమీ లేకుండానే బాతు బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోయగలదు, కొల్లేటికి వలస పక్షులూ వస్తాయి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి కోళ్లఫారాల్లో ఆ జబ్బు బయటపడింది కూడా. కాబట్టి పశువైద్యుడు చేలగట్టు దాకా రావాల్సిందే, మందను పరీక్షించాల్సిందే. అంతేగానీ కాపరిని తరిమేయడం పరిష్కారం కాదు. చేపల చెరువుల గట్లు లేచిన కొద్దీ అతని మేపు నేల ఇప్పటికే కుంచించుకుపోయింది.