ట్రిపనోసోమా బొమ్మలో ఒక లోపము

మేడ్చల్, షామీర్‌పేట గ్రామములలో గేదెలను పెంచు ఇండ్ల పిల్లలకు జోరీగ క్రొత్త పురుగు కాదు. అది పశువును కరచి నెత్తురు త్రాగుచుండగా తోకదెబ్బ తగిలినచో లేచి ప్రక్క పశువుపై వాలును. మూతికంటిన నెత్తుటితో ఒక్కొక్కసారి ట్రిపనోసోమా ఇవాన్సీ అను ఏకకణజీవియు చేరును. సర్రా జబ్బునకు కారణమిదియే. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ దీనిని, నేడు పాకిస్తానులోనున్న డేరా ఇస్మాయిల్ ఖాన్ వద్ద, గుర్రముల, ఒంటెల నెత్తుటిలో చూచెను.

పశువైద్యుడు గాజుపలకపై నెత్తుటిచుక్కలో ఈ జీవిని రూపమును బట్టియే గుర్తించును. అట్టి రూపమును పాఠములలో తరచు ఎట్లు చూపుచున్నారు? కదురువంటి శరీరము, ప్రక్కన అలలు తేలిన పొర, చివర ఒక తోక. క్రింద "కశాభము చలనమునకు" అను మాట. మాట తప్పు కాదు, సగమే చెప్పినది. బొమ్మ మాత్రము తప్పుదారి పట్టించును.

కశాభము వెనుక కొనకు దగ్గరగానున్న చిన్న గుంటనుండి వెలువడి, శరీరమును అంటియే ముందుకు సాగును. ఈదునప్పుడు దాని కొసయే ముందు నడచును. దీనిని తోక అనుట ఎద్దుకొమ్మును తోక అనుటవంటిదే. ఇక తరంగిత త్వచమునకు వేరుగా రంగు వేయుట మరొక పొరపాటు. అది విడి పొర కాదు. అంచున కుట్టిన త్రాడు ఆడినపుడు బట్ట లేచినట్లు, కశాభము కదలినపుడు దేహపు పైపొరయే అలగా లేచును.

అసలు సంగతి ఈ కుట్టులోనే కలదు. ఆఫ్రికా నిద్రజబ్బు కలిగించు ట్రిపనోసోమా బ్రూసీలో కోల్, రాబిన్సన్, బాస్టిన్ అనువారు 2003లో కశాభపు పెరుగుదలను అడ్డగించిరి. కశాభము పొట్టిదైనకొలది పిల్లకణమును పొట్టిదాయెను. కారణమేమనగా, క్రొత్త కశాభపు అతుకు ముందుకు ఎంతవరకు పెరిగినదో, అచటినుండియే కణము చీలనారంభించును. 2014లో అతుకులోని ఒక ప్రోటీనును తగ్గించగా అతుకు కురుచయై, కణము లోపలి అమరికయే మారి, వేరొక దశారూపమును పోలినది. అందుచేతనే 2016లో సంటర్, గల్ ఈ అతుకును కణమునకు కొలబద్ద అనిరి. పైపొర క్రిందనున్న సూక్ష్మనాళికల పంజరమును మరువరాదు. రూపమును నిలుపునది అది. ఈ ప్రయోగములు బ్రూసీపై జరిగినవి. ఇవాన్సీ దానికి అతి సమీప బంధువు గనుక అట్లే యుండునని తలచుట సబబే, కాని నిరూపణ వేరు.

1966లో హోర్, వాలస్ స్థిరపరచిన దశానామములను విద్యార్థులు వల్లె వేయుదురు. కశాభము ఎచ్చట బయలుదేరినది? ఎంతదూరము అంటినది? ఈ రెండు ప్రశ్నలు వేసినచో వల్లెతో పని లేదు. 1903లో డోనవన్ మద్రాసులో చూచిన కాలా అజార్ జీవి మన కణములలో దాగినపుడు గుండ్రన; కశాభము గుంట దాటి రాదనవచ్చును. ఇసుక ఈగలో పొడవై, ముందు కొననుండి కశాభమును చాచును. అది దేహము పొడవున అంటదు.

నల్లబల్లపై ట్రిపనోసోమాను గీయునపుడు సుద్దముక్కను వెనుక కొన దగ్గర పెట్టి, అంచు వెంబడి ముందుకు నడిపినచో చాలును.