ఆదివారం తాళాలు

బదిలీల కాలం వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు విజయవాడ నుంచో, ఒంగోలు నుంచో పిలుస్తారు. "పలాస వేశారండీ. ఎటువైపు ఇల్లు తీసుకుంటే బాగుంటుంది?" బ్యాంకు కావచ్చు, రైల్వే కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, బడి కావచ్చు. నేను నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న వచ్చిపడుతుంది: "స్టేషన్‌కి దగ్గర్లో దొరుకుతుందాండీ?"

ఆ రెండో ప్రశ్న నాకు నచ్చదు. శుక్రవారం సాయంత్రం విశాఖ వైపు బండెక్కడానికి వీలుగా ఉంటుందా అని అడగడమే అది. మా వైపు కొలువుకు వచ్చేవాళ్లలో చాలామంది ఉండే చోటును వెళ్లిపోయే దారిని బట్టి ఎంచుకుంటారు. గాలీ వెలుతురూ లేని ఇరుకు పోర్షన్ అయినా సరే, స్టేషన్‌కు నడిచే దూరంలో ఉంటే దానికి టులెట్ బోర్డు కట్టే పని పడదు.

ఊరు తెలియనివాళ్లకు ఒక మాట. పలాస, కాశీబుగ్గ పేర్లు రెండు, మునిసిపాలిటీ ఒకటే. రైలు దిగితే పలాస, బస్సు దిగితే కాశీబుగ్గ. హౌరా–చెన్నై లైను ఇక్కడి నుంచే పోతుంది కాబట్టి ‘పట్టాలకు ఎటువైపు’ అన్నది చిన్న సంగతి కాదు. ఇల్లు ఒకవైపు, పిల్లల బడి రెండోవైపు అయితే గేటు దగ్గర గూడ్సు పెట్టెలు లెక్కపెట్టుకోవడానికే పొద్దు చాలదు. జిల్లా కేంద్రం శ్రీకాకుళం డెబ్బై కిలోమీటర్ల పైమాటే. అయినా అక్కడి నుంచి, ఇంకా దూరం విశాఖ నుంచి కూడా రోజూ వచ్చిపోయేవాళ్లున్నారు. వాళ్లకు వీధితో పనిలేదు, టైంటేబుల్ చాలు.

ఉండదలచుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇల్లు చూడ్డానికి ఆదివారం రండి. పనిరోజున ఏ వీధి చూసినా ఒకేలా ఉంటుంది. స్కూటర్లు, ఆటోలు, కుక్కర్ ఈలలు. ఆదివారం పదింటికి వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే దాని సంగతి బయటపడుతుంది. కాశీబుగ్గలో కొత్తగా లేచిన ఒక అపార్ట్‌మెంటు మెట్లు అలాగే ఎక్కాను. ప్రతి అంతస్తులోనూ తాళాలే. ఒక గుమ్మంలో రెండు రోజుల పేపర్లు మడత విప్పకుండా పడి ఉన్నాయి. ఇంకో గుమ్మం ముందు తులసి మొక్క నీళ్లు లేక తల వాల్చేసింది. కింద వాచ్‌మన్ భార్య ఒక్కతే చాప పరిచి చింతపండు గింజలు తీసుకుంటోంది. "అందరూ ఉజ్జోగులే బాబూ. సోమారం పొద్దున్న బండికొస్తారు," అంది, తలెత్తకుండానే.

అక్కడికి నాలుగు సందుల అవతల పాత వీధి. పెంకుటిళ్లు, మధ్య మధ్య స్లాబులు. వాకిట్లో ఆడవాళ్లు జీడిపప్పు పొట్టు వలుస్తూ కూర్చున్నారు. ఒకామె కొడుకు చెన్నైలో ఉన్నాడట, ఫోను గోడకానించి వీడియోలో వాడితో మాట్లాడుతూనే చేతులు ఆడిస్తోంది. నేను కొత్త మనిషినని తెలియగానే మూడు ఇళ్ల నుంచి ఒకే ప్రశ్న: "ఎవరింటికండీ?" పట్నంలో పెరిగినవాళ్లకు ఈ ఆరా చిరాకే. నాకు మాత్రం అద్దె కాగితం మీద రాయని సదుపాయాల్లో ఇదే మొదటిది అనిపిస్తుంది. రాత్రి ఒంటిగంటకు పిల్లకు జ్వరమొస్తే ఆటో ఎవరిది, డాక్టరు ఎక్కడ అన్నది ఈ ఆరా తీసేవాళ్లకే తెలుస్తుంది.

వీధి కుదిరాక నీళ్ల సంగతి. పలాస ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఇల్లు చూడ్డమంటే సగం నీళ్లు చూడ్డమే. ఫోను చేసేవాళ్లు ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. "కిడ్నీ జబ్బు అంటారు కదండీ, పిల్లలతో ఉండొచ్చా?" దాచాల్సింది ఏమీ లేదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు 1990ల నుంచి మనుషుల్ని తీసుకుపోతోంది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, నొప్పి మాత్రలా అని ఎందరో వచ్చి పరీక్షలు చేసి వెళ్లారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఎక్కువగా పడిపోతున్నది పొలాల్లో, తోటల్లో రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్లు. ఏసీ గదిలో కూర్చుని మూడేళ్లు ఉండిపోయే ఉద్యోగికి ఉన్న భయం, ఇక్కడే పుట్టి ఇక్కడే కూలికెళ్లే మనిషికి ఉన్న ప్రమాదం ఒక్కటి కావు. ఉద్దానం సంబంధం అనగానే పెళ్లిమాటలు వెనక్కి వెళ్లిన ఇళ్లు ఉన్నాయి. కాబట్టి ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఇంటివాళ్ల ముఖం కూడా చూడండి.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదే రోజు హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకాన్నీ ప్రారంభించారు. పథకం ప్రారంభం కావడం వేరు, మీరు చూస్తున్న ఇంటి కుళాయి తిప్పితే నీళ్లు రావడం వేరు. ఇంటివాళ్లను రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: తాగేది ఏ నీళ్లు, వండేది ఏ నీళ్లు? చాలా ఇళ్లలో తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను, అన్నం పప్పుకు బోరు. అన్నంలోకి వెళ్లిన నీళ్లు కూడా మనం తాగినవేనని ఎవరికీ గుర్తుకు రాదు. కుళాయి ఏ పూట వస్తుంది, ఎంతసేపు వస్తుంది, వేసవిలో వస్తుందా అన్నది మాత్రం ఇంటివాణ్ని అడగొద్దు. పక్కింటి అద్దెవాణ్ని అడగండి.

ఇంకో ప్రశ్న ఈ తీరానికి మాత్రమే చెల్లుతుంది. "తిత్లీలో ఇక్కడ ఏమైంది?" 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, స్తంభాలు విరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ ప్రశ్న అడిగి చూడండి, అద్దె బేరంలో పొడిపొడిగా మాట్లాడినవాళ్లు కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఏ ఇంటి రేకులు లేచాయి, నీళ్లు ఏ పల్లంలో నిలిచాయి, ఎవరి ఇంట్లో ఎందరు తలదాచుకున్నారు, అన్నీ వస్తాయి. పలాసలో ఒక పెద్దావిడ తన పెరట్లో నుయ్యి చూపించింది. పాచి పట్టిన గట్టు, కప్పీకి కొత్త ప్లాస్టిక్ తాడు. "అద్దెకొచ్చినోళ్లంతా ఇది పూడ్పించేసి కారు పెట్టుకుందాం అంటారు. తుపానప్పుడు ఈదంతా దీని నీళ్లే తోడుకున్నారు. కరెంటు లేపోతే మోటార్లు ఏటి సేస్తాయి బాబూ?" ఆ ఇల్లు స్టేషన్‌కు దూరం. నేనైతే ఆ నుయ్యికి ఇంకో ఐదొందలు ఎక్కువిస్తాను.

పలాసలో జీడి సంగతి మరిచిపోతే కుదరదు. ఫ్యాక్టరీల వైపు వీధుల్లో అద్దె తక్కువ. గాలి ఇటు తిరిగిన పూట జీడిపిక్క కాలిన ఘాటు ఇంట్లోకి వస్తుంది, ఆరేసిన బట్టలకూ పడుతుంది. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేంత గట్టిది, దాని పొగ ఆయాసం ఉన్నవాళ్లకు పడదు. ఇల్లు ఒకసారి తెల్లవారగానే, ఇంకోసారి చీకటి పడ్డాక చూడమనేది అందుకే. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. ఇంటివారికి తోట ఉంటే, 80 కేజీల పిక్కల బస్తా ధర ఎలా ఉందో పేపర్లో చూసుకున్నాకే అద్దె బేరానికి వెళ్లండి. ధర పడిపోయిన ఏడాది అద్దె పెరుగుతుందన్నది నా అనుమానం, రుజువు లేదు.

టెక్కలి లెక్క వేరు. రెవెన్యూ డివిజన్ ఆఫీసులు, ఐతం ఇంజినీరింగ్ కాలేజీ, చుట్టూ గ్రానైట్ క్వారీలు. కాలేజీ కుర్రాళ్లకు గదులివ్వడం అలవాటైన ఊరు కాబట్టి కొత్తవాళ్లను చూసి ఎవరూ బెదరరు, కానీ కుటుంబానికి సరిపడే వాటా కావాలంటే ఓపిగ్గా తిరగాలి. గ్రానైట్ లారీలు పోయే రోడ్డు మీద ముందు గది కిటికీ తెరవడం కష్టం. మెయిన్ లైను స్టేషన్ ఊళ్లో లేదు, నౌపడలో ఉంది. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్న రైలు మొదలైందీ ఆ నౌపడ నుంచే. స్టేషన్ ఊరి బయట ఉండటం టెక్కలికి మేలే చేసిందంటాను. రైలు దూరమైన ఊళ్లో తాళాలు తక్కువ. అయినా స్టేషన్ లేదని దాన్ని పక్కన పెట్టేస్తారు; ఎంపికల్లో టెక్కలికి అన్యాయం కొత్త కాదు. 1994లో ఎన్టీ రామారావు హిందూపురంలోనూ టెక్కలిలోనూ గెలిచి, హిందూపురాన్ని ఉంచుకుని టెక్కలిని వదులుకున్నారు. ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు పని మొదలయ్యాక అద్దెలడిగే మనుషులూ మారారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి ఇంజినీర్లు, కాంట్రాక్టర్ల మనుషులు ఇళ్లు వెతుక్కుంటున్నారు. పోర్టుకు దగ్గరని కాకుండా టెక్కలికి దగ్గరని చూసుకోమంటాను. తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఫ్రిజ్జు, కూలరు తొందరగా తుప్పు పడతాయి, పైగా భూములిచ్చినవాళ్ల గొడవ మధ్యలోకి కంపెనీ బ్యాడ్జీతో వెళ్లి కాపురం పెట్టడం ఇద్దరికీ ఇబ్బందే.

ఈ చుట్టుపక్కల చోటు ఎంచుకోవడంలో ఆరితేరినవాళ్లు మనుషులు కారు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా చలికాలం ముందు పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. తిండికి నౌపడ ఉప్పు మడుల చిత్తడి, కాపురానికి మాత్రం జనం మధ్య చెట్లు. ఆ రెట్టల వాసన మామూలుది కాదు. అయినా ఊరివాళ్లు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. అవి వస్తేనే ఏడాది బాగుంటుందని నమ్మకం. పని దగ్గర ఉండటం కన్నా కాపాడేవాళ్ల దగ్గర ఉండటం ముఖ్యమని అవి ఎలా కనిపెట్టాయో గానీ, వేసవి ముదిరేదాకా కదలవు. శుక్రవారం సాయంత్రం బండికి పోవు.

చెప్పుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. ‘ఏ ఏరియా బాగుంటుంది’ అని అడగగలగడమే ఒక భాగ్యం. మా ఉద్దానం నుంచి పొట్టచేత పట్టుకుని హైదరాబాదు, చెన్నై, ముంబై వెళ్లినవాళ్లను ఆ మాట ఎవరూ అడగలేదు. మేస్త్రి ఎక్కడ దింపితే అక్కడే. కట్టే భవనం పక్క రేకుల షెడ్డే వాళ్ల పేట. గుజరాత్ వేరావల్‌లో బోట్ల మీద పనిచేసే మన జిల్లా మత్స్యకారులకు నెలల తరబడి పడవే ఇల్లు. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ల పేరు మీద విశాఖ కంచరపాలెంలో ఇప్పటికీ బర్మా క్యాంపు ఉంది. ఆ చోటు వాళ్లు కోరి ఎంచుకున్నది కాదు, ప్రభుత్వం చూపించింది. మావాళ్లలో కాస్త కుదురుకున్నవాళ్లు విశాఖలో ఇల్లు వెతికితే మధురవాడ, కొమ్మాది వైపు చూస్తారు. అడిగితే చెబుతారు, "మన బస్సు అటే వస్తాది కదా" అని. సొంతూరి దారి మీద ఇల్లు తీసుకోవాలనే కోరిక నాకూ తెలుసు, బదిలీ మీద వచ్చినవాళ్ల స్టేషన్ ప్రశ్న వెనకా అదే ఉంది. అందుకే వాళ్లను తిట్టలేను. కానీ మావాడు మధురవాడలో ఉన్నా ఆదివారం ఇంటికి తాళం వేయడు; అక్కడే చుట్టాల్ని పోగు చేసుకుంటాడు.

ఆసుపత్రి ఉద్యోగులతో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. డయాలసిస్‌కు వచ్చే మనిషి వారానికి రెండు మూడుసార్లు రావాలి; కవిటి నుంచి, వజ్రపుకొత్తూరు నుంచి ఆటోలో కూలబడి వస్తారు. వాళ్ల జబ్బుకు శని ఆదివారాలు లేవు. మీరు ఉండే వీధి ఆసుపత్రి నుంచి వాళ్లు నడిచి రాగలిగిన దూరంలో ఉంటే, ఏ పథకానికీ లేని విలువ దానికి వస్తుంది. ఇది మీ మీద వేసే భారం అనుకుంటే చెప్పండి, ఫోనులో అనడం మానేస్తాను.

ఈ ఏడు పలాసో టెక్కలో పడినవాళ్లు సామాన్ల లారీ మాట్లాడుకునే ముందు ఒక ఆదివారం వచ్చి చూసుకోండి. నీళ్లు అడగండి, తిత్లీ అడగండి, పక్కింటి తలుపు తట్టండి. తిరుగు టికెట్టు మాత్రం మధ్యాహ్నం బండికి కాకుండా రాత్రి బండికి తీసుకోండి.