హత్యను చూపని నాటకము

1998 అక్టోబరులో అమెరికాలోని లారమీ పట్టణమున స్వలింగప్రియుడగు మాథ్యూ షెపర్డ్ అను విద్యార్థి ఘోరహింసకు గురియై మరణించెను. మోయిసెస్ కాఫ్‌మన్ బృందము ఆ ఊరివారి మాటలనే కూర్చి 2000లో ‘లారమీ ప్రాజెక్టు’ను ప్రదర్శించెను. ఎనిమిదిమంది నటులు అరువదికి పైగా పాత్రలను ధరింతురు. హత్య మాత్రము రంగముపై కనబడదు. రంగమున వధను నిషేధించిన మన లాక్షణికులు ఔచిత్యమును పాటించిరి. ఇచ్చటి ప్రయోజనము వేరు. హంతకుని చూచిన ప్రేక్షకుడు అతనిని ద్వేషించి ఊరట చెందును. ఊరి మాటలు విన్నవాడు వానిలో తన మాటను వెదకికొనును.

ఉయ్యూరులో దీనిని ఆడదలచినవారికి బుర్రకథ మార్గము చూపగలదు: కథకుడు కథకుడుగా నుండియే పాత్రయగును. సాక్ష్యములను గ్రాంథికమున గాక కృష్ణాతీరపు వాడుకలోనే పలికింపవలెనని మా యభిప్రాయము. తమ ఊరు అట్టిది కాదను మాట వీరమ్మ తిరునాళ్లలో వినబడు గొంతుతో పలికినపుడే అది పరాయి ఊరి కథ గాకపోవును. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో 377వ సెక్షను భయము తొలగినది. ఊరి మాట మారినదా యనుటయే ఈ నాటకమడుగు ప్రశ్న.