నేల కొలతకు సరిపోయే ఆవు

కనుమ నాడు మా వైపు పల్లెల్లో తెల్లారకముందే రోకలి చప్పుడు వినిపిస్తుంది. ఆ రోట్లో బియ్యం ఉండవు. అడవి అంచుకు పోయి తెచ్చిన నల్లేరు, నేరేడు చెక్క, మద్ది చెక్క, మారేడు చెక్క, ఇంకా ఇంటి పెద్దకు గుర్తున్న వేరూ ఆకూ ఉంటాయి. వాటికి దోసిళ్ల కొద్దీ రాళ్ల ఉప్పు చేర్చి మెత్తగా దంచుతారు. దాని పేరు ఉప్పుచెక్క. ఏడాదికి ఒక్కసారి గొడ్లకు వేసే మందు అది.

ఘాటుకు ఏ ఆవూ దాన్ని తనంతట తాను ముట్టదు. ఒకరు కొమ్ములు పట్టాలి, ఇంకొకరు దవడ తెరిచి నాలుక పక్కకు లాగాలి, మూడో మనిషి చారెడు లోపల పోసి మూతి మూసి పట్టుకోవాలి. పిల్లలకు అది వేడుక. మా నాయనకు మాత్రం ఆ గంటసేపూ పరీక్షే. నోరు తెరిచినప్పుడే పళ్లు ఎంత అరిగాయో, చిగుళ్లు ఎర్రగా ఉన్నాయో పాలిపోయాయో చూసేవాడు. మెడ కింద చెయ్యి పెట్టి గడ్డలు తడిమేవాడు, గిట్టల మధ్య పుండు ఉందేమో వంగి చూసేవాడు. ఏడాదంతా ఉప్పు కరువుతో గోడలు నాకే పశువుకు ఆ రోజు ఉప్పు అందుతుంది, చేదుకు కడుపు శుభ్రమవుతుందని పెద్దల నమ్మకం. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద లాభం వేరే ఉంది. ఇంట్లో ప్రతి మనిషి చెయ్యీ ప్రతి పశువు మీదా పడుతుంది.

ఆ తర్వాతే కడగడాలు, కొమ్ములకు రంగులు, పొంగళ్లు. చేలల్లో పొలి చల్లుతూ వేసే కేకలు దూరానికి వినబడతాయి. చంద్రగిరి మండలం ఎ.రంగంపేట లాంటి ఊళ్లలో జరిగే పశువుల పండగ గురించి పత్రికలు ఏటా రాస్తాయి కాబట్టి నేను మళ్లీ చెప్పను. సాయంత్రం ఊరి బయట వెలిగించే చిట్లాకుప్ప మంట సంగతి మాత్రం చెప్పాలి. అక్కడ కొలుపు కాటమరాజుకు. కాటమరాజు కథ అసలు కరువు కథ. మేత లేక మందలను తోలుకుని నెల్లూరు సీమకు పోయిన అతని గొల్లలకూ, అక్కడ ఏలుతున్న నల్లసిద్ధికీ పుల్లరి దగ్గర తగువు వచ్చి, అది యుద్ధం దాకా పోయింది. పుల్లరి అంటే పచ్చిక మీద పన్ను. గడ్డి కోసం పోరాడిన వీరుణ్ణి గొడ్ల పండగ నాడు తలుచుకునే ఊళ్లకు మేత విలువ ఒకరు నేర్పాల్సిన పని లేదు.

ఆ విలువ తెలియాలంటే ఈ నేల ఎలాంటిదో ముందు చూడాలి. పుంగనూరు, పలమనేరు, కుప్పం, మదనపల్లె — ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగమంతా సముద్ర మట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న మెట్ట. ఎర్ర నేల, రాతి గుట్టలు, వానొస్తే నిండి లేకుంటే ఎండే చెరువులు. ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లు వేసీ వేసీ అప్పులపాలైన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ కనబడతాయి. వానాకాలం చెనక్కాయ వేస్తే, సాళ్ల మధ్య కంది, అనప, అలసంద, కాస్త జొన్న. పండితే ఒక్క పంట, ఎండితే అదీ లేదు.

ఈ మెట్ట మీద పుట్టిందే పుంగనూరు ఆవు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే నిలబడిన మనిషి నడుముకు అటూ ఇటూ. వెడల్పు నుదురు, పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక. మూపురం ఉన్న పశువుల్లో ప్రపంచంలోనే అతి చిన్న జాతుల్లో ఇదొకటి. పుంగనూరు జమీందార్ల పోషణలో పెరిగిన జాతి కాబట్టి ఆ ఊరి పేరే నిలిచింది. పాలు రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లు, వెన్న 8 శాతం దాకా. మామూలు సంకర ఆవు పాలలో అది మూడున్నర, నాలుగు. కోడెలు చిన్నవే అయినా తేలిక నేలల్లో దున్నడానికి, చెనక్కాయ సాళ్ల మధ్య గుంటక తోలడానికి సరిపోయేవి. బరువు బండ్లకు మాత్రం కన్నడ సీమ హళ్లికార్ ఎద్దులనే తెచ్చుకునేవాళ్లు.

ఇంత చిన్న ఆవు ఎందుకు అని పట్నం వాళ్లు అడుగుతారు. జవాబు గడ్డివామిలో ఉంది.

పశువు తన బరువులో దాదాపు రెండున్నర, మూడు శాతం ఎండు మేత రోజూ తింటుంది. 150 కిలోల పుంగనూరు ఆవుకు అది నాలుగు, నాలుగున్నర కిలోలు. ఏడాదికి వేసుకుంటే 1,800 కిలోల లోపు. వాన సరిగా పడిన ఏడు మెట్ట చేలో ఎకరాకు వచ్చే చెనక్కట్టె, అంటే కాయలు వలిచిన ఎండు మొక్క, ఒక టన్ను అటూ ఇటూ. రెండెకరాల కట్టె ఒక ఆవును ఏడాదంతా సాకుతుంది. గట్ల మీద గడ్డి, కోత తర్వాత మేపు కలిస్తే దూడకూ సరిపోతుంది. అదే 400 కిలోల సంకర ఆవుకు రోజుకు పది, పన్నెండు కిలోలు కావాలి. ఏడాదికి నాలుగు టన్నులు. ఆ లోటు రెండెకరాల రైతు కొనాల్సిందే. కరువు ఏడు కొనడానికి చేతిలో డబ్బు ఉండదు, అంగట్లో గడ్డీ ఉండదు. పుంగనూరు రైతు ఈ లెక్క కాగితం మీద వేయలేదు. తరాల తరబడి ఏ ఆవు కరువును దాటి ఈనిందో దాని పెయ్యనే ఉంచుకున్నాడు.

వామి వేయడం ఒక విద్య. చెనక్కాయలు వలిచిన కట్టెను ఆకు రాలిపోకుండా నీడపట్టున ఆరనివ్వాలి, ఎందుకంటే బలమంతా ఆకులోనే ఉంటుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం మించవు, మంచి చెనక్కట్టెలో పది శాతం దాకా ఉంటాయి. చెద పట్టకుండా రాతి అరుగు మీద గుండ్రంగా పేర్చి, నడుమ ఎత్తు చేసి, పైన వరిగడ్డి కప్పి, గాలికి లేవకుండా పగ్గాలు వేసి రాళ్లు కడతారు. ఒక్క వాన లోపలికి దిగితే బూజు పట్టిందన్నమాటే. బూజు కట్టె తిన్న చూడి ఆవు ఈసుకుపోతుందని మా అవ్వకు భయం. అందుకే ఆమె రోజూ వామిలోకి ముంజేతి దాకా చెయ్యి దూర్చి వేడి చూసేది. వామిని పక్క నుంచి కత్తితో కోసినట్టు దూయాలి తప్ప పైనుంచి పీకితే ఒప్పుకునేది కాదు.

మిగతా మేతంతా ఇంటి పనుల్లోంచే పుట్టేది. బియ్యం కడిగిన నీళ్లూ గంజీ కుడితి తొట్టిలోకి, ఉలవలు ఉడికించిన రోజు ఉలవ పొట్టు, రాగి కోత తర్వాత రాగిగడ్డి. పట్టుపురుగులు పెంచే పలమనేరు, వి.కోట ఇళ్లలో పురుగు వదిలేసిన మల్బరీ కాడలు నేరుగా గాటికి వచ్చేవి. కంది కోతలో మిగిలిన పొట్టు, అనప తీగ, తుమ్మకాయలు మేకలకు. ఏదీ పారేసేది కాదు, ఏదీ కొనేది కాదు.

ఆ మేత పేడై, దిబ్బై, వేసవిలో బండ్ల మీద మళ్లీ చేనికే పోతుంది. దిబ్బ ఎరువు పడిన ఎర్ర నేల వాన తడిని నాలుగు రోజులు ఎక్కువ పట్టి ఉంచుతుంది. మెట్ట పంటలో ఆ నాలుగు రోజులే ఊడలు దిగడానికీ మొక్క వాడడానికీ మధ్య తేడా. సొంత గొడ్లు చాలకపోతే గొల్లలనో కురబలనో పిలిచి గొర్రెల మందను చేలో కట్టించేవాళ్లు. జోడిపి గొర్రెలు — తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ నల్ల మచ్చలు — రాత్రికి ఒక మడి చొప్పున జరుగుతూ పోతే చేనంతా ఎరువూ మూత్రమూ సమంగా పడతాయి. మంద కాపరికి కూలి గింజల్లోనో డబ్బుల్లోనో ముట్టేది. పొలం లేని వాడికి మేత, మంద లేని వాడికి ఎరువు.

కాపరికి తెలిసిన వైద్యం గురించి చాలామంది తేలికగా మాట్లాడతారు. వాళ్ల జాగ్రత్తలు చూస్తే అలా అనరు. తొలకరికి మొలిచిన లేత గడ్డి మీద మందను ఆకలితో వదలరు. ముందు కాస్త ఎండు మేత పెట్టి, మంచు ఆరాక తోలతారు. ఒక్కసారిగా లేత గడ్డి ఎక్కువ తింటేనే చిటుక రోగం వచ్చి బలిసిన గొర్రె కూడా పూటలో పడిపోతుంది. పశువైద్యులు ఆ రోగానికి టీకాను వానలకు ముందే వేయమనేదీ అందుకే. కోసిన జొన్న మోళ్లు వానలేమిలో మళ్లీ చిగురిస్తే ఆ లేత పిలకలో విషం ఉంటుంది. నాము అంటారు. అది తిన్న ఆవు నిలబడిన చోటే కూలిపోతుంది. నాము ఉన్న చేను పక్కనుంచి గొడ్లను తోలేటప్పుడు పిల్లలను కాపలా పెట్టరు, పెద్దవాళ్లే పోతారు. ఈ తెలివికి టీకా ప్రత్యామ్నాయం కాదు, టీకాకు ఈ తెలివీ కాదు. గాలికుంటుకు, గొంతువాపుకు సూది వేయించాల్సిందే. 2022లో దేశమంతా ముద్దచర్మ వ్యాధి చుట్టుముట్టినప్పుడు ఆ సంగతి అందరికీ అర్థమయింది.

ఇంత పొందికైన ఆవును మా వాళ్లు ఎందుకు వదిలేశారు? నిజం చెప్పాలి. పాల డబ్బు కోసం. పాల కేంద్రం పదైదు రోజులకోసారి బిల్లు ఇస్తుంది. చెనక్కాయ ఎండిన ఏళ్లలో ఆ బిల్లే సంగటి పెట్టింది, బడి ఫీజు కట్టింది, ఆడవాళ్ల చేతికి మొదటిసారి లెక్కపెట్టుకునే డబ్బునిచ్చింది. వెన్న శాతం ఎంత ఎక్కువైనా మూడు లీటర్ల ఆవు పది లీటర్ల ఆవుతో పోటీ పడలేదు. జెర్సీ సంకరాన్ని తెచ్చుకున్న తల్లులను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ పాలతోనే చదువుకున్న తరం మాది. కానీ ఊళ్లో కోడెదూడలన్నీ కబేళాకు పోయి, ఆంబోతు అనేదే లేకుండా పోయాక, మేలు జాతి ఏదో మిగిలిన రెండు పెయ్యల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక జాతి పోవడం ఇలాగే జరుగుతుంది, ఎవరూ చంపనవసరం లేదు.

పుంగనూరు ఆవు పూర్తిగా పోకుండా కాపాడిన వాటిలో పలమనేరు పశు పరిశోధన కేంద్రం ముందుంది. ఇప్పుడది 2005లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కేరళలో వెచూరు ఆవుదీ ఇలాంటి కథే. 1989లో మన్నుత్తిలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు శోశమ్మ ఐప్ తన విద్యార్థులతో ఊళ్లు తిరిగి, మిగిలిన ఆవులను వెతికి తెచ్చి జాతిని నిలబెట్టారు. ఆమెకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మన ఒంగోలు జాతి సముద్రం దాటి బ్రెజిల్లో నెల్లూరు పేరుతోనే 'నెలోర్' అయి లక్షల మందలుగా పెరిగింది. పుంగనూరు ఆవుకు అలాంటి యోగం పట్టలేదు. దాని బలం బరువులో లేదు కదా.

ఇప్పుడు వేరే యోగం పట్టింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక, ఆ పేరు దేశమంతా తెలిసింది. ధర లక్షల్లోకి వెళ్లింది. ఇంకా పొట్టిది, ఇంకా ఇంకా పొట్టిది కావాలని అడిగేవాళ్లు పెరిగారు. మేడ మీద, హాల్లో, కారు వెనక సీట్లో ఆవుదూడల వీడియోలు చూస్తున్నాం. ఆదరణ మంచిదే. కానీ ఎత్తును మాత్రమే చూసి ఎంచుకుంటూ పోతే పాలు, ఈత, కాళ్ల బలం వెనక్కి పోతాయి. పుంగనూరు ఆవు పొట్టిది కావడం అందం కోసం జరగలేదు, రెండెకరాల కట్టెకు సరిపడి అలా నిలిచింది. వామి లేని చోట, చేను లేని చోట ఆ పొట్టితనానికి పని లేదు. అది బొమ్మ అవుతుంది.

జాతిని తలలు లెక్కపెట్టి కాపాడలేం. ఆ జాతి మేసిన చెనక్కట్టె ఉండాలి, తొలకరిలో గొడ్లను ఎప్పుడు వదలాలో తెలిసిన మనిషి ఉండాలి, ఊరికి ఒక మంచి ఆంబోతు ఉండాలి. బోరు లేని మెట్ట కుటుంబాలకు సంకర ఆవు పథకాల కంటే ఒక పుంగనూరు పెయ్య, నాలుగు గొర్రెలు, వామికి ఒక రాతి అరుగు ఇవ్వడమే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ చిక్కటి పాలకు నెయ్యి రూపంలో న్యాయమైన ధర ఇప్పిస్తే పదైదు రోజుల బిల్లు లోటు కూడా కొంత పూడుతుంది.

మా వైపు పాలుకు ఇచ్చే అలవాటు ఒకటుంది. స్తోమత ఉన్నవాళ్లు పెయ్యను కొని లేని ఇంటికి ఇస్తారు. వాళ్లు మేపుతారు. పాడి మేపిన వాళ్లది, ఈనిన దూడల్లో చెరి సగం. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అని ఆ పెయ్యకు గడప దగ్గర పసుపు పెట్టి లోపలికి తీసుకుంటారు. పుంగనూరు ఆవును కొనాలని మనసుపడిన పట్నం బంధువులారా, కొనండి. కొని అపార్టుమెంటుకు తోలుకుపోకండి. పలమనేరు దగ్గరో పుంగనూరు దగ్గరో రెండెకరాల మెట్ట ఉన్న ఒక ఇంటికి పాలుకు ఇవ్వండి. కనుమకు మీ పిల్లలను తీసుకుని రండి. ఉప్పుచెక్క వేసేటప్పుడు కొమ్ములు పట్టుకోవడానికి మనుషులు కావాలి.